నడుస్తున్న మిషనుకే బొట్టు

నిరుడు చలికాలంలో హైదరాబాద్ దవాఖానలో మా అక్క గొంతుపెట్టె తీసేశారు. క్యాన్సర్ తొందరగానే దొరికింది కాబట్టి ప్రాణభయం లేదన్నారు డాక్టర్లు. మెడ ముందు చిన్న రంధ్రం ఉంటుందని, ఊపిరి ఇక అక్కడి నుంచేనని, నోటి నుంచి మాట మాత్రం రాదని ఆపరేషన్‌కు ముందే బొమ్మ గీసి వివరించారు. అక్క అంతా విని, సంతకం పెట్టి, "బతుకుడు ముఖ్యం గద" అన్నది. నేను ఆమె నోట విన్న ఆఖరి మాటల్లో అదొకటి.

అక్క ఉండేది మహబూబాబాద్‌లో. మా వైపు వాళ్లంతా మానుకోట అనే అంటారు. ఆ చుట్టుపక్కల ఒక తండాలో టీచర్‌గా చేరి, అక్కడే రిటైరైంది. బడికి వచ్చే పిల్లలు ఇళ్లలో మాట్లాడేది లంబాడీ భాష. వాళ్లకు తెలుగు చెప్పాలంటే ముందు వాళ్ల మాట తనకు రావాలని అక్క ఆ భాష నేర్చుకుంది. రెండు భాషల్లోనూ గట్టిగా మందలించగలదని తండాలో పేరు. గొంతు కూడా అటువంటిదే. ఆమె బడి వరండాలో నిలబడి పిలిస్తే చెలకల్లో పని చేసుకుంటున్న తల్లిదండ్రులకు వినబడేదని చెప్పుకునేవారు.

దవాఖాన నుంచి వచ్చిన వారంలోనే అటక మీది ట్రంకుపెట్టె దింపించి, బడిలో పంచగా మిగిలిన రాతిపలక ఒకటి, కొన్ని బలపాలు బయటికి తీయించింది. ఇంట్లో మాటలన్నీ ఇక పలక మీదే. వేగంగా రాస్తుంది, తడిగుడ్డతో తుడుస్తుంది, మళ్లీ రాస్తుంది. చదవడంలో ఆలస్యం చేసినవాళ్లకు బలపంతో నెత్తి మీద ఒక దెబ్బ. మా బావకు కళ్లద్దాలు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు కాబట్టి ఆ దెబ్బలు ఎక్కువగా ఆయనకే పడేవి.

ఇంట్లో ఇంత హుషారుగా ఉన్న మనిషి, బయటివాళ్లు వస్తే మాత్రం లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. తండా నుంచి పలకరించడానికి వచ్చినవాళ్లలో పెద్దవాళ్లకు చదువు రాదు. పలక చూపిస్తే ఏం చేయాలో తెలియక నవ్వుతారు. ఒకసారి ఆ నవ్వు చూశాక అక్క మరి బయటికి రాలేదు. "నిద్రపోతాంది" అని బావ చెప్పి పంపేవాడు. కొన్నాళ్లకు వాళ్లు రావడమే తగ్గించారు.

దవాఖానవాళ్లు గదవ కింద ఆనించి మాట్లాడే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. అది తుమ్మెద రొదలాగా వినిపించేది. అక్క దాన్ని రెండు రోజులు ప్రయత్నించి, గూట్లో పెట్టేసింది. ఆ తర్వాత మా మేనకోడలు, అక్క కూతురు, ఫోనులో టైపు చేసింది చదివి వినిపించే ఏర్పాటు చేసింది. అక్క "నాకు చాయ్ కావాలె" అని టైపు చేసింది. ఫోనులోంచి ఒక ఆడమనిషి, వార్తలు చదివినంత నాజూకుగా, ఆ మాటను పలికింది. అక్క ఫోనును బోర్లించి, పలక అందుకుంది.

"ఈమె ఎవరో పరాయి ఆమె. వచ్చి నా నోట్లె కూసున్నది."

అక్కడి నుంచి మొదలైంది నా పని.

నేను జనగామలో ఉంటాను. దినపత్రికలో విలేకరిగా మొదలై, డెస్కులో ముగించాను. కంప్యూటర్లతో నా పరిచయం వార్తలు టైపు చేసినంత వరకే. మేనకోడలు భూపాలపల్లిలో, బొగ్గు మండించి కరెంటు తీసే కేంద్రంలో షిఫ్టు ఇంజినీరు. దారి చూపింది ఆమే. ఒక మనిషి మాట్లాడిన రికార్డింగులు, ఆ మాటల రాత, రెండూ జతచేసి కంప్యూటర్‌కు ఇస్తే, అది వాటిని తిప్పి తిప్పి విని ఆ గొంతును పట్టుకుంటుందట. తర్వాత ఏది టైపు చేసినా ఆ గొంతుతోనే పలుకుతుందట. అందుకు కావలసిన ప్రోగ్రాం ఉచితంగానే దొరుకుతుందని, కష్టమంతా దాన్ని నడిపే కంప్యూటర్‌తోనేనని చెప్పింది. రోజుల తరబడి, రాత్రింబగళ్లు, ఊపిరి తీసుకోకుండా పనిచేసే కంప్యూటర్ ఉండాలి.

రికార్డింగులకు కొదవ లేదు. బడులు మూతబడ్డ కాలంలో అక్క రోజూ పిల్లల తల్లిదండ్రులకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజీలు పంపేది. బడులు తెరిచాక కూడా ఆ అలవాటు పోలేదు. పిల్లవాడు రాలేదేమిటి, మధ్యాహ్న భోజనానికి గిన్నె పంపలేదేమిటి, పత్తి ఏరడానికి పిల్లను ఎందుకు తీసుకుపోయినవ్, ఇలాంటివే అన్నీ. ఆమె దేన్నీ చెరిపేసే మనిషి కాదు. పంపినవన్నీ ఆమె ఫోనులోనే ఉన్నాయి.

పని బయటి కంపెనీకి ఇస్తే తొందరగా అయిపోతుందని నేను అన్నాను. అక్క ఒప్పుకోలేదు. ఎవరిదో గొంతు దొంగిలించి, ఆ గొంతుతోనే ఇంటికి ఫోన్ చేసి పైసలు గుంజారన్న మాట అప్పుడు బజారులో తిరుగుతోంది. "నా గొంతు నా ఇంట్లనే తయారు గావాలె" అని రాసి, కింద గీత కూడా గీసింది. టీచర్ గీత గీసిందంటే ఇక చర్చ లేదు.

వారానికి రెండుసార్లు జనగామలో పొద్దున రైలెక్కేవాణ్ని. స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట, వరంగల్ దాటి మధ్యాహ్నానికల్లా మానుకోట. అక్క మెసేజీలు ఒక్కొక్కటే విని రాసేవాణ్ని. వెనకాల కోళ్లు అరిచినవి, ఆటో హారన్లు పడినవి తీసేసేవాణ్ని. డెస్కు అలవాటు చేతిలోంచి పోదు. అక్క "పోరగాన్ని తోలుండ్రి" అంటే నా వేళ్లు "అబ్బాయిని పంపించండి" అని టైపు చేశాయి. అక్క వెనక నుంచి చూసి, బలపంతో నా నెత్తి మీద ఒకటి వేసి, పలక ముందుకు పెట్టింది. "నేను అన్నది రాయి. నువ్వు దిద్దింది కాదు." ఆ తర్వాత నేను దిద్దలేదు.

కంప్యూటర్ కొనే బాధ్యత నేనే తీసుకున్నాను. జనగామలో, స్టేషన్ దారిలోని ఒక దుకాణానికి పోయి, అన్నిటికంటే వేగమైనది చూపించమన్నాను. ఆటలు ఆడేవాళ్ల కోసం చేసిన ల్యాప్‌టాప్ ఒకటి చూపించాడు. సన్నగా ఉంది, కీల కింద రంగురంగుల దీపాలున్నాయి. దాని మీద ఒక బొమ్మను రెప్పపాటులో తయారుచేసి చూపించాడు. అదే చాలనుకున్నాను.

మానుకోటలో అప్పుడు మిర్చి ఆరబోసే కాలం. బావ చేనులో కాసిన మిర్చి ఇంటి వెనక కల్లంలో ఎర్రగా పరిచి ఉంది. మేనకోడలు ఫోనులో ఒక్కో మెట్టు చెబుతుంటే నేను ల్యాప్‌టాప్‌లో పని మొదలుపెట్టాను. మొదటి గంట దాని పరుగు చూస్తే ముచ్చటేసింది. గంట దాటాక కీల మీద చేయి పెట్టలేకపోయాం. తర్వాత అది మెల్లగా నడవడం మొదలుపెట్టింది. మూడు రోజుల పని అని చూపించినది పది రోజులని చూపించింది. టేబుల్ ఫ్యాను తెచ్చి దాని ముఖాన పెట్టాను. మర్నాడు ఇంకా మెల్లగా అయింది.

బావకు జాలేసింది. "జరసేపు పండుకోనియ్యి దాన్ని. మా బోరు మోటారుకే నడుమనడుమ రెస్టు ఇస్తం" అన్నాడు.

అయినా నేను ఆపలేదు. మూడోరోజు దాని ఫ్యాను కల్లం దుమ్మును లాగి గదిలోకి ఊదింది. మాకు తుమ్ములతో సరిపోయింది. అక్క ఊపిరి మాత్రం మెడలోని రంధ్రం నుంచే, నేరుగా లోపలికి. ఆమెకు దగ్గు పట్టుకుంది. శబ్దం లేని దగ్గు. ఒళ్లంతా కదిలిపోతుంది, చెవికి ఏమీ వినబడదు. మెడకు గుడ్డ అదుముకుని వాకిట్లోకి పోయి చాలాసేపు కూర్చుంది. నేను ల్యాప్‌టాప్ మూసి మంచం కిందికి తోసేశాను.

మేనకోడలికి ఫోన్ చేస్తే ఆమె తిట్టలేదు. ఒక్క మాట అడిగింది.

"మామా, దుకాణమాయన్ను ఏమని అడిగినవ్?"

"అన్నిట్లకంటె స్పీడుది ఇయ్యమన్న."

"ఎంతసేపు స్పీడని అడిగినవా?"

అడగలేదు. అడగాలని తోచలేదు. ఎందుకు తోచలేదో ఆ తర్వాత ఆలోచిస్తే తెలిసింది. నాకు తెలిసిన పెద్ద మిషను మా పత్రిక అచ్చు మిషనే. పగలంతా పడుకునేది. పేజీలు అందాక కొద్ది గంటలు భూమి అదిరేలా పరిగెత్తి, పేపరు కట్టలు బండెక్కగానే మళ్లీ పడుకునేది. మిషను అంటే నాకు అదే. గొప్ప మిషనంటే ఆ కొద్ది గంటల్లో ఎక్కువ పరిగెత్తేది. కంప్యూటర్‌ను కూడా అదే కళ్లతో కొన్నాను. మేనకోడలు చూసే మిషను వేరు. ఒకసారి మొదలైతే నెలల తరబడి ఆగదు. అక్కడ పరుగును ఎవరూ మెచ్చుకోరు.

ఆమె నన్ను భూపాలపల్లికి రమ్మన్నది. వరంగల్ నుంచి పరకాల మీదుగా బస్సులో పోయాను. దారి పొడుగునా బొగ్గు లారీలు. ఆమె క్వార్టర్ వెనక కాలనీకి నీళ్లెక్కించే మోటారు ఒకటి ఉంది. కేంద్రం లోపలికి నన్ను తీసుకుపోవడం కుదరదు కాబట్టి ఆ మోటారు దగ్గరికి తీసుకుపోయింది. దాని ఒంటికి బిగించిన రేకును గుడ్డతో తుడిచి, డ్యూటీ అన్న చోట ఎస్1 అని ఉన్న అక్షరాలు చూపించింది. బరువు మీద పెట్టి వదిలేసినా అది ఎంతసేపైనా నడవగలదని దాని అర్థమట. కాసేపు నడిచి కాసేపు ఆగవలసిన మోటార్లకు వేరే గుర్తు ఉంటుందట. ఆమె నా చెయ్యి పట్టుకుని మోటారు మీద పెట్టించింది. వెచ్చగా ఉంది.

"వేడెక్కుడు తప్పు కాదు మామా. ఎక్కి ఎక్కి ఒక కాడ ఆగాలె. ఆగకుండ ఎక్కుతాంటెనే పరేషాన్."

కంప్యూటర్లకు ఇటువంటి రేకు ఉండదు, కుండను చూసినట్టు మనమే కొట్టి చూసుకోవాలి అన్నది. ఆ సాయంత్రం ఆమె చెప్పినవన్నీ నేను పత్రిక భాషలో అర్థం చేసుకోవలసి వచ్చింది. ల్యాప్‌టాప్ వద్దు, గాలికి దారున్న పెద్ద పెట్టె కావాలి. లెక్కల భారమంతా మోసే గ్రాఫిక్స్ కార్డుకు వేగం కంటే ముందు, అక్క మాటలన్నీ ఒక్కసారి పట్టేంత చోటు ఉండాలి. కరెంటు అందించే భాగం కావలసినదానికంటే పెద్దదిగా ఉండాలి. ఎప్పుడూ అంచు మీద నడిచేది ఎప్పుడో ఒకప్పుడు కాలుతుంది. చిన్న ఫ్యాన్లు వేగంగా తిరగడం కంటే పెద్దవి మెల్లగా తిరగడం మేలు. కరెంటు పోతే పని దాచుకుని నెమ్మదిగా ఆగేటంత సేపు ఆదుకునే యూపీఎస్ ఉండాలి.

హన్మకొండలో విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు కట్టించి ఇచ్చే దుకాణం ఒకటుంది. ఇద్దరం పోయాం. దుకాణదారు ముందుగా అద్దాల పెట్టె చూపించాడు. నాలుగు వైపులా దీపాలు. మేనకోడలు దాన్ని పక్కన పెట్టించి, ముందు భాగమంతా ఇనుప జల్లెడలా ఉన్న నల్లటి పెట్టె కావాలన్నది.

"గిది గోదాముల పెట్టుకునేది మేడం. లైట్లు లేకుంటె ఇంటికొచ్చినోళ్లకు కంప్యూటరని ఎట్ల తెలుస్తది?"

"ఇంటికొచ్చినోళ్లకు కనబడెటట్టు పెట్టం అన్నా."

తర్వాత గ్రాఫిక్స్ కార్డును పూర్తి బలం మీద కాకుండా కాస్త కిందికి కట్టి నడిపిస్తానని ఆమె అనేసరికి ఆయనకు మతిపోయింది. ఇంత పెట్టి కొని వేగం తగ్గించుకునేవాళ్లను తాను చూడలేదన్నాడు. ఆఖరి కొసరు వేగం కోసమే ఎక్కువ వేడి పుడుతుందని, ఆ కొసరు వదులుకుంటే మిగతాదంతా నిలబడుతుందని ఆమె ఓపికగా చెప్పింది. ఆయన నా వైపు చూశాడు. నేను పెద్దమనిషిలా తల ఊపాను. కొన్ని నెలల ముందైతే నేను ఆయన పక్షమే.

అన్నీ బిగించాక డబ్బు ఇచ్చేముందు ఆమె ఇంకొక షరతు పెట్టింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పూర్తి భారం మీద నడవాలి, దుకాణంలో ఏసీ ఆపేయాలి. మానుకోట ఇంట్లో ఏసీ లేదు కదా మరి. కాసేపటికి దుకాణంలో అందరి చొక్కాలు తడిసిపోయాయి.

"చెమటలు పడ్తున్నయి మేడం" అన్నాడు ఆయన.

"మనకు పడనియ్యి అన్నా. దానికి పడ్తయో లేవో చూద్దం."

తెర మీద వేడి చూపించే అంకె మొదట్లో గబగబా పెరిగింది. తర్వాత మెల్లగా పెరిగింది. తర్వాత ఒకచోట నిలబడి, దుకాణం మూసే వేళ దాకా అక్కడే ఉంది. నేను ఆ మోటారు మీద పెట్టిన నా అరచేతిని గుర్తు చేసుకున్నాను. తీసుకుందాం అన్నాను.

మానుకోటలో దాన్ని ఎక్కడ పెట్టాలన్నది అక్క నిర్ణయించింది. కల్లానికి దూరంగా, ఉత్తరం వైపు, బియ్యం బస్తాలు పెట్టుకునే చల్లటి గది. బస్తాలు వరండాలోకి పోయాయి. వానలు పడుతున్నాయి కాబట్టి దుమ్ము లేదు. పని మొదలైన రెండోరోజే పెద్ద ఉరుము ఉరిమింది. మా ఇళ్లలో ఉరుము వింటే టీవీ, ఫ్రిజ్, అన్నిటి ప్లగ్గులు పీకేయడం చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు. బావ ఒక్క ఉదుటున లేచి కంప్యూటర్ ప్లగ్గూ పీకేశాడు. యూపీఎస్ కూత మొదలుపెట్టింది. అది ప్రమాదం గురించే మొత్తుకుంటోందనుకుని బావ దాన్నీ ఆర్పేశాడు. ఇల్లంతా నిశ్శబ్దమయ్యాక, మంచి పని చేసినట్టు నా వైపు చూశాడు.

గంటగంటకూ పని దాచుకునేలా మేనకోడలు ముందే కట్టి పెట్టింది కాబట్టి పోయింది కొంచెమే. అక్క మాత్రం ఆ ప్లగ్గు పైన గోడ మీదే బలపంతో రాసింది. "ముట్టుకోవద్దు. ఉరిమినా సరే." పిడుగు దెబ్బ ఆపే పరికరం ఒకటి ఎలక్ట్రీషియన్‌తో మీటరు దగ్గర పెట్టించాం. ఆ తర్వాత ఉరిమినప్పుడల్లా బావ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ గది వైపు చూస్తూ కూర్చునేవాడు.

మొదటి విడతలో వచ్చిన గొంతు నత్తినత్తిగా ఉంది. నేను తొలినాళ్లలో దిద్దేసిన రాతలు కొన్ని అట్లాగే ఉండిపోయాయని తేలింది. అవన్నీ వెతికి అక్క అన్నది అన్నట్టు మార్చి, మళ్లీ మొదటి నుంచి నడపాలి. బతుకమ్మ పండుగ నాటికి ఆ సవరణ పూర్తి చేసి, పని కొత్తగా మొదలుపెట్టాను. ఈసారి ఏమైనా సరే మధ్యలో ఆగకూడదని నాకు నేనే చెప్పుకున్నాను. అక్క అడగడం మానేసింది. గది ముందు నుంచి పోయేటప్పుడు లోపలికి చూడకుండా పోవడం గమనించాను. ఈసారీ కాకపోతే ఆమె ఇంకొకసారి ఆశపడదని నాకు అర్థమైంది.

దసరా నాటికి పని ఇంకా నడుస్తోంది. పొద్దున్నే బావ ట్రాక్టర్ కడిగి, మందు కొట్టే పంపు, కొడవళ్లు, అక్క కుట్టుమిషను, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాడు. మా దగ్గర ఆ రోజు పనిముట్టుకు పూజ చేసి పక్కన పెడతారు, పని చేయించరు. చివరికి పళ్లెం పట్టుకుని కంప్యూటర్ గది ముందుకు వచ్చి, ఆపమన్నాడు. నడుస్తోంది బావా అన్నాను.

"అన్నిట్లకంటె ముందు దీనికే చెయ్యాల్సి ఉండె. దీంట్ల మీ అక్క ఉన్నది" అన్నాడు ఆయన.

ఏడాదికి ఒక్కరోజు, దానికి కూడా ఒళ్లు అలిసి ఉంటుంది, ఆపి పూజ చేసి రేపు మొదలుపెడదాం అన్నాడు. మా పత్రికలోనూ దసరానాడు అచ్చు మిషను ఆగేది. దానికి దండ వేసి, గుమ్మడికాయ కొట్టి ఇళ్లకు పోయేవాళ్లం. ఆపితే పోయేదేమీ లేదని, దాచుకున్న చోటి నుంచి మళ్లీ నడుస్తుందని నాకూ తెలుసు. నా చెయ్యి మౌసు మీదికి పోయింది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. పలక చేతిలోనే ఉంది.

అంతలో మేనకోడలు వచ్చింది. షిఫ్టు దిగి నేరుగా బస్సెక్కింది, ఇంకా డ్యూటీ బూట్లతోనే ఉంది. విషయం విని వాళ్ల నాయిన చేతిలోంచి పళ్లెం అందుకుంది.

"మా కాడ దసరాకు టర్బైన్ ఆపుతమా నాయినా? ఆపితె ఊర్లన్ని చీకటే. నడుస్తున్నదానికే బొట్టు పెడ్తం."

"ఆపకుండ పూజేంది బిడ్డా?"

"అలిసినదానికి కాదు నాయినా, మంచిగ నడుస్తున్నదానికే పెట్టాలె. నువ్వు పెట్టు. ముందటి జల్లెడకు మాత్రం పెట్టకు, కుంకుమ లోపటికి గుంజుకుంటది."

బావ చెప్పులు విప్పి లోపలికి పోయి, పెట్టె పక్క రేకు మీద వేలితో పసుపు రాసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టాడు. పెట్టెను అరచేత్తో ఒకసారి తాకి, "వెచ్చగున్నది" అన్నాడు. అక్క ఊపిరికి పొగ పడదు కాబట్టి అగరుబత్తి వాకిట్లోనే వెలిగించాం.

సాయంత్రం జమ్మి ఇచ్చిపుచ్చుకునే వేళ. బంగారమని ఆ ఆకు చేతిలో పెట్టి పెద్దవాళ్ల కాళ్లు మొక్కుతారు, వాళ్లు దీవిస్తారు. తండా నుంచి ఒకామె వచ్చి గేటు దగ్గర నిలబడింది. అక్క దగ్గర చదువుకున్న మనిషి, ఇప్పుడు బడికి పోయే కూతురున్నది. ప్రతి దసరాకూ జమ్మి తెచ్చేది. నెలల తరబడి "నిద్రపోతాంది" అన్న మాటే విని ఉండడం వల్ల లోపలికి రావడానికి జంకుతోంది. అక్క కిటికీలోంచి చూసి, అలవాటుగా లోపలి గది వైపు రెండడుగులు వేసింది. ఆగింది. తిరిగి వచ్చి మేనకోడలి ముందు పలక పెట్టింది.

"ఇప్పటిదాక ఎంతయ్యిందో అంత తియ్యి."

ఇంకా రెండు రోజులైనా నడవాలని, ఇప్పుడు తీస్తే గొంతు సగమే ఉంటుందని మేనకోడలు అన్నది. అక్క తుడిచి మళ్లీ రాసింది.

"సగం మార్కులకు నేను మస్తుమందిని పాస్ చేసిన. తియ్యి."

పెద్ద పెట్టెను ఆపనక్కర లేదు. అది చివరిసారి దాచుకున్నదాని నకలు వేరేచోట నడిపితే చాలు. నాకు మంచం కిందిది గుర్తుకొచ్చింది. ల్యాప్‌టాప్ లాగి దుమ్ము తుడిచి ఇచ్చాను. అది రోజుల తరబడి నడవలేదు కానీ, ఒక మాట పలికేంత సేపు పరిగెత్తడానికి దానికి మించినది లేదు. మేనకోడలు నకలు దాంట్లోకి ఎక్కించి అరుగు మీద పెట్టింది. అక్క పక్కన కూర్చుని, టైపు చేసి, వేలితో నొక్కింది.

"ఆడ నిలబడ్డవేంది? లోపలికి రా."

కొంచెం ఇసుక రాలినట్టు ఉంది. కానీ అక్కదే. నేర్చుకున్నవన్నీ తల్లిదండ్రులను మందలించిన మాటలే కాబట్టి, ఆ మిషనుకు మెల్లగా పిలవడం తెలియదు. పిలుపు కూడా తిట్టినట్టే ఉంది.

గేటు దగ్గరి ఆమె ఉలిక్కిపడి, చెప్పులు అక్కడే వదిలేసి, గబగబా వచ్చి అక్క ముందు చేతులు కట్టుకుని నిలబడింది. "వచ్చిన టీచర్" అన్నది, క్లాసులో పేరు పిలిచినప్పుడు పలికినట్టు. అని, తనే నవ్వింది. అక్క కూడా నవ్వింది. అక్క నవ్వుకు ఇప్పుడు శబ్దం లేదు, భుజాలు మాత్రం కదులుతాయి. బావ తలుపు చెక్కకు ఆనుకుని, తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె జమ్మి అక్క చేతిలో పెట్టి కాళ్లకు మొక్కింది. అక్క ఈసారి కాస్త ఎక్కువసేపు టైపు చేసింది.

"సల్లగుండు బిడ్డా. పత్తి ఏరుడు ఉన్నదని పిల్లను బడి మాన్పియ్యకు."

"మాన్పియ్య టీచర్. రేపు మీ కాడికి తోలుకొస్త."

ఆమె పోతూ పోతూ గేటు దగ్గర ఇంకొకరితో ఏదో తమ భాషలో చెప్పింది. అక్కకు అర్థమైనట్టుంది, మెడ కాస్త నిటారుగా పెట్టుకుంది. వీధిలో జమ్మి పట్టుకుని పోయేవాళ్లలో కొందరు మా గేటు వైపు తిరిగారు. అక్క అరుగు మీది నుంచి లేవలేదు. ల్యాప్‌టాప్‌ను ఒళ్లోకి లాక్కుంది. అది వేడెక్కుతోందేమోనని మేనకోడలు అడుగున చేయి పెట్టి చూసి, పరవాలేదన్నది.

వచ్చేవాళ్లు అరుగు దాకా రాకముందే అక్క పలక అందుకుని మా ఇద్దరి కోసం రాసింది.

"కరకర అంటాంది. ఆ రొండు దినాలు గూడ నడవనియ్యిండ్రి."

నేను లేచి ఉత్తరం గదిలోకి పోయి చూశాను. వేడి అంకె పొద్దున ఉన్నచోటే ఉంది. ఫ్యాన్లు మెల్లగా తిరుగుతున్నాయి. పక్క రేకు మీద పసుపు ఆరి, బొట్టు అట్లాగే ఉంది.